కంకిలో లావు సగం

మా అక్క మక్కకంకిని నిప్పుల మీద కాల్చి, కొంగుతో రెండు కొసలూ పట్టి, మోకాలికి ఆనించి విరుస్తుంది. మొదలు వైపు లావు సగం నాకు. కొన వైపు సన్న సగం తనకు. నాకు పాలపళ్ళు వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. అరవై దాటినా మారలేదు.

తొండుపల్లిలో అక్కవాళ్ళకు మిగిలిన అరెకరంలో అక్క ఏటా మక్క వేస్తుంది. వానాకాలంలో మొదటి కంకులు తయారుకాగానే ఫోన్ చేసి "తమ్మీ, రా" అంటుంది. ఇంకేమీ చెప్పదు. శంషాబాద్ నుంచి స్కూటర్ మీద వెళ్తాను. ఇద్దరం గడప ముందు కూర్చుని మొదటి కంకి తింటాం. గింజలు వలుచుకుని తినడం మా ఇంట్లో లేదు. పళ్ళతో కొరకాల్సిందే. వలుచుకునేవాళ్ళను అక్క పట్నపోళ్ళు అంటుంది. ఆమె నోట్లో అది తిట్టే.

మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకునే మనుషులం కాదు. ముప్పై ఏళ్ళు పత్రికకు వార్తలు రాసి, ఊరందరితో మాట్లాడి, అక్కతో మాత్రం ముక్తసరిగానే గడిపాను. ఏడాదికి ఆ ఒక్క కంకి మా ఇద్దరి మధ్యా చాలా మాటల పని చేసేది.

ఈ ఏడు ఎండాకాలం చివర్లో నా కుడి చెంపలో నొప్పి మొదలైంది. చెవి దగ్గర పుట్టి కింది దంతాల్లోకి దిగేది. పన్ను నొప్పే అనుకున్నాను. వద్దు, ఆగి చూద్దామని దంతవైద్యుడు అంటున్నా పట్టుబట్టి ఒక దవడపన్ను తీయించుకున్నాను. పన్ను పోయింది, నొప్పి మిగిలింది. ఆవలిస్తే చెవి ముందు టక్కుమని చప్పుడయ్యేది. అన్నం మెత్తగా కలుపుకుని ఎడమ వైపు నమలసాగాను.

అది చూసి అక్క ఊరుకోలేదు. పుట్టినప్పటి నుంచీ పశువుల మధ్య బతికిన మనిషి. ఎద్దు నెమరు మానిందంటే రోగం వచ్చినట్టే, నెమరు మొదలెడితే గండం గడిచినట్టే. ఆమెకు తెలిసిన వైద్యానికి మొదటి పాఠం అదే.

"నెమరేసుడు బంద్ జేసిన ఎద్దు బతుకదు తమ్మీ. నువ్వు నములుడు ఇడిసిపెట్టినవ్, గందుకే పట్టేసింది. ఆడిస్తే అదే సాపయితది."

వేయించిన శనగలు ఒక డబ్బా నిండా ఇచ్చింది. పొద్దున గుప్పెడు, సాయంత్రం గుప్పెడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే కదా. వారం రోజులు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నమిలాను. ఎనిమిదో రోజు పొద్దున బ్రష్ నోట్లోకి పోలేదు.

శంషాబాద్‌లో దవడ నొప్పులు చూసే డాక్టరమ్మ దగ్గరికి అక్క కూడా వచ్చింది. డాక్టరమ్మది చిన్న వయసు, నెమ్మదైన మాట. నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టమంది. ఒక్క వేలే పట్టింది.

"గుట్కా అలవాటు ఉందా సార్?"

"లేదమ్మా."

"జెప్పు తమ్మీ," అంది అక్క పక్క కుర్చీలోంచి. "డాక్టర్ కాడ దాస్తే ఎట్ల? బిడ్డా, వీని చెంప ఎప్పుడూ కదుల్తనే ఉంటది. ఎన్నో ఏండ్ల సంది సూస్తున్న. నోట్లె ఏముందిరా అంటే ఏం లేదంటడు."

నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళుగా మా అక్క నన్ను దొంగచాటుగా పొగాకు నమిలేవాడిగా లెక్కేసుకుంది. ఏనాడూ నిలదీయలేదు. ఆ లెక్కతోనే ఏటా పిలిచి లావు సగం పెట్టింది.

డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసి, గుట్కా కాదని తేల్చింది. రెండు చేతుల వేళ్ళూ నా చెంపల మీద ఆనించి పళ్ళు బిగించమంది. చెవికి కాస్త కింద, దవడ మూల మీద, రెండు వైపులా గడ్డలా లేచింది. కుడి వైపు నొక్కగానే పీకించుకున్న పన్ను ఉన్న చోట నొప్పి పుట్టింది.

"మీ అక్కగారు చూసింది నిజమే సార్, కదులుతూనే ఉంటుంది. కానీ నోట్లో ఏమీ లేదు. ఖాళీ నోటినే కరుస్తున్నారు. ఇది నమిలే కండరం. దవడ కీలు ఎక్స్‌రేలో బాగానే ఉంది. ఈ కండరం బిగుసుకుని దాన్ని తెరవనివ్వడం లేదు. రోజంతా పిడికిలి బిగించి తిరిగితే చెయ్యి ఏమవుతుంది? అలాగే ఇదీను. ఈమధ్య గట్టివి ఏమైనా నమిలారా?"

"శనగలు."

"ఎవరు తినమన్నారు?"

నేను గోడ వైపు చూశాను. "నేనే జెప్పిన బిడ్డా," అంది అక్క. "అంటే అలిసిన ఎద్దును మల్ల అరకకు కట్టిన్నన్నట్టు."

ఆటోలో అక్కను తొండుపల్లిలో దించి వచ్చాను.

డాక్టరమ్మ చెప్పినవి తేలికైన పనులే. మెత్తటి తిండి, చెంపకు వేడి గుడ్డ కాపడం, ముందు పళ్ళతో ఏదీ కొరక్కపోవడం. పెదాలు కలవచ్చు, పళ్ళు కలవకూడదు. రోజులో పదే పదే ఎదురయ్యేది ఏదో ఒకటి గుర్తు పెట్టుకుని, అది వచ్చినప్పుడల్లా దవడ వదులు చేసుకోమంది.

ఆ గుర్తు కోసం నేను దూరం పోలేదు. విమానాశ్రయం పక్కనే ఉన్న మా వైపు, విమానం నెత్తి మీదికి వస్తే మాట మధ్యలో ఆపేస్తాం. అది దాటిపోయాక అదే మాట, ఆపిన చోటు నుంచే అందుకుంటాం. ఎంత అలవాటంటే ఆపుతున్నట్టు మాకే తెలియదు. ఇప్పుడు గమనిస్తే, ఆ ఆగిన కాసేపూ నా పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో తెలియదు. అప్పటి నుంచీ విమానం వచ్చినప్పుడల్లా కింది దవడను వేలాడేయడం మొదలుపెట్టాను.

వానలు పడ్డాయి. తుక్కుగూడ రోడ్డు మీద బొగ్గుల కుంపట్లు లేచాయి, కంకుల వాసన లేచింది. రోజూ అద్దం ముందు వేళ్ళు పెట్టుకుని చూసుకునేవాణ్ణి. ఒకటిన్నర. తర్వాత కష్టం మీద రెండు. ఫోన్ పక్కనే పెట్టుకునేవాణ్ణి. అక్క నుంచి కబురు లేదు. రోడ్డు మీద కంకి కొని గింజలు వలిపించుకోవచ్చు, ఎవరూ వద్దనరు. నాకు కావలసింది అది కాదు. కొంగులోంచి పొగలు కక్కుతూ వచ్చే లావు సగం కావాలి. దాని మొదటి కొరుకుడు కావాలి.

ఆగలేక ఒక సాయంత్రం నేనే వెళ్ళాను.

"కంకులు ఇంకా పాలు పోసుకోలే," అంది అక్క, నేను అడగకముందే.

వాకిట్లో బర్రె ముందు కంకుల పొట్టు కుప్పగా ఉంది. "మరి ఇదేంది?"

"పక్కోళ్ళది."

"నీ బర్రె పక్కోళ్ళ పొట్టు తినవట్టె?"

నవ్వు వచ్చి ఆపుకుంది. తర్వాత ఆ నవ్వు మొహంలోంచి పోయింది. "నేనే నీ నోరు కట్టేస్తి. ఇగ ఏ మొహం పెట్టుకొని పిలువాలె?"

"శనగలు తిన్నది నేను. నువ్వు నోట్లె పోసినవా? ఒక్కటి కాల్చక్కా."

"తినరాదు గద నీకు."

"ఉత్తగ చేతుల పట్టుకుంట."

అక్క లేచింది. పొయ్యిలో నిప్పులు ముందుకు లాగి కంకి పెట్టింది. తిప్పి తిప్పి కాల్చి, ఉప్పు రాసి, మోకాలికి ఆనించి విరిచింది. లావు సగం నా చేతిలో పెట్టింది.

వేడి అరచేతిలోకి దిగింది. ఒక్కసారి కొరికితే ఏమవుతుందిలే అని కంకిని పెదాల దాకా తెచ్చాను. అక్క తన ముక్క నోటి దగ్గర పెట్టుకుని కొరకకుండా ఆగింది. నేను దించి, బొటనవేలితో ఒక వరస తోశాను. మొదటి గింజ ఊడటమే కష్టం, తర్వాతవి వస్తాయి. ఒక్కొక్కటే ఎడమ వైపు వేసుకుని నెమ్మదిగా నమిలాను. పన్నెండో పదమూడో తినేసరికి చెంప బరువెక్కింది. ఆపేశాను.

అక్క కూడా తన ముక్కలోంచి గింజలు వలుస్తోంది. "పట్నపోళ్ళమైతిమి," అంది. "ఆ డాక్టర్ మళ్ళ ఎప్పుడు..."

విమానం వచ్చింది. మాట ఆగింది. నేను దవడ వదిలేశాను. అక్క పైకి చూడలేదు, నా చెంపనే చూస్తోంది. చప్పుడు దూరమయ్యేదాకా చూసింది.

"కదల్లే," అంది. తర్వాత ఆపిన చోటు నుంచి అందుకుంది. "...రమ్మన్నది?"

బయల్దేరేటప్పుడు నా సగాన్ని దాని ఆకులోనే చుట్టి స్కూటర్ డిక్కీలో పెట్టింది. "ఇంటికి వోయి వలుసుకొని తిను. కొరకకు," అంది. కొరకాలని నాకు ఎంత ఉందో ఆమెకు తెలుసు. అందుకే రెండోసారి కూడా చెప్పింది.