రెండురోజుల మెరుపు

నాచారం ఫైబరు షెడ్డులో ఇరవై రెండేళ్లు పడవలకు మెరుగు పెట్టిన మేస్త్రి మొన్న ఆదివారం పొద్దున పోయాడు. ఉప్పల్‌లో టీ తాగి ఇంటికి నడిచి వెళ్తూ, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని మూసివున్న దుకాణం మెట్ల మీద కూర్చున్నాడట. ఆటోలో దవాఖానాకు చేర్చేలోపే అయిపోయింది. వాళ్లావిడ ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పింది: "మీ మేస్త్రి పోయిండు సారూ."

గంట తిరక్కుండా అదే కబురు పాత పనివాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆయన ఫొటో చుట్టూ గులాబీలు, కొవ్వొత్తులు. దాని కింద మా సేటు, అంటే షెడ్డు యజమాని, రాసిన వాక్యం: "మా కుటుంబ పెద్దను కోల్పోయాం." కుటుంబ పెద్దట! ఆ పెద్దను అన్నం డబ్బా మూత కూడా తియ్యనివ్వకుండా గేటు బయటకు వెళ్లగొట్టింది ఈ మహానుభావుడే. అంత్యక్రియలకు సేటు రాలేదు, దండ పంపాడు. దండకు రిబ్బను, రిబ్బను మీద కంపెనీ పేరు. చచ్చినవాడి దగ్గర కూడా నాలుగక్షరాల ప్రచారం దొరుకుతుందంటే వదులుకోని మనిషి.

ఇలాంటి సంతాపాలు చూసి కడుపు మండి ఇది రాస్తున్నాను. మేస్త్రిని దేవుణ్ణి చేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన నోరు మంచిది కాదు. ఎదుటివాడి పనిని మెచ్చుకున్న పాపాన పోలేదు. కానీ ఆయన తిట్లలో ఒక్కటీ అబద్ధం లేదు. మా సేటు పొగడ్తల్లో ఒక్కటీ నిజం లేనట్టే.

నేను ఆ షెడ్డుకు సూపర్‌వైజర్‌గా వెళ్లేనాటికి నాకు కొమ్ములుండేవి. కాకినాడ వైపు నుంచి వచ్చినవాణ్ణి. సముద్రం చూస్తూ పెరిగాను. చేతిలో డిప్లొమా ఉంది. సముద్రమే లేని ఊళ్లో, అదీ నాచారంలో, పడవలు తయారుచేస్తారంటే నవ్వొచ్చింది. చెరువుల్లో జనాన్ని తిప్పే బోట్లు, బాతుబొమ్మల పెడల్ బోట్లు, అవే మా సరుకు. మొదటిరోజే మేస్త్రితో, "నువ్వెప్పుడైనా సముద్రం చూశావా?" అన్నాను.

ఆయన చేతిలో పని ఆపలేదు. "సూడలే. ఈత గూడ రాదు. గందుకే పడవ మంచిగ జేస్త. ఈతొచ్చినోనికి మునిగితె ఏం ఫికర్?" అన్నాడు.

ఆ రోజునుంచి నన్ను 'సముద్రం సారు' అనేవాడు. ఆ పిలుపులో గౌరవం అణువంత కూడా ఉండేది కాదు.

ఆయన పని చూడ్డానికి చాలా విసుగ్గా ఉండేది. కొన్నేళ్లు ఎండకు మాడిన పడవ మీద రంగుపొర సున్నంలా పాలిపోతుంది. ముందు దాన్ని సబ్బునీళ్లతో కడిగేవాడు. తర్వాత నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో రుద్దడం. ఒక కాగితం తర్వాత ఇంకా నున్నటిది, దాని తర్వాత మరీ నున్నటిది. ఒక్కో పడవకు మూడునాలుగు రోజులు అదే. ఆ తర్వాత ఉన్నిబిళ్ల తగిలించిన మిషనుతో పాలిష్ మందు పట్టించేవాడు. మిషను ఒకచోట రెండు క్షణాలు నిలిస్తే రంగుపొర కాలిపోతుంది. "కోపం మీదున్నోడు మిషన్ వట్టొద్దు. ఎండల నిలవడి మైనం వెట్టొద్దు. రెండు గూడ కాలవెట్టే పనులే" అనేవాడు. చివర్న మైనం, అదీ వేలికి అంటినంతే. అది మసకబారి ఆరేదాకా బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. తుడవడానికి కొత్త గుడ్డ వాడేవాడు కాదు. భార్య కట్టి కట్టి, ఉతికి ఉతికి పీలికలైన నూలు చీరలు ఇంటినుంచి తెచ్చుకునేవాడు. మర్నాడు మళ్లీ ఇంకో పూత.

అన్నీ అయ్యాక షెడ్డులో ఒక్క ట్యూబులైటు ఉంచి మిగతావి ఆర్పించేవాడు. బకెట్టు బోర్లించుకుని కూర్చుని, పడవ పక్కభాగంలో ఆ ట్యూబులైటు గీత ఎలా పడిందో చూసేవాడు. గీత లాగి కట్టిన తాడులా తిన్నగా ఉండాలి. ఆఖర్న అరచేతి వెనకభాగంతో ముందునుంచి వెనకదాకా తడిమి చూసేవాడు. ఎక్కడైనా ఏమాత్రం వణికితే మళ్లీ నీళ్లు, మళ్లీ కాగితం.

"మైనం పూస్తే అదే మెరుస్తుంది కదా, ఇంత రుద్దుడెందుకు?" అని ఒకసారి అడిగాను.

"మెరుపు మైనంల ఉంటదా సారూ? కిందున్న పొరల ఉంటది. మైనం దానికి కాపలా, గంతే. మొఖం గడగకుంట పౌడర్ గొట్టుకుంటరు గదా మీరు, గట్ల గాదు ఇది."

బోడుప్పల్ దారిలో కార్లకు ఏదో డబ్బాతో చిమ్మి 'అద్దంలాంటి మెరుపు' అని ఫ్లెక్సీ కట్టుకున్న దుకాణాలు చూస్తే ఆయన మొహం తిప్పుకునేవాడు. "రొండు దినాలు మెరుస్తది. మూడో దినం కుక్క గూడ సూడది" అని ఉమ్మేసేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. రాయడానికి నాకు సిగ్గుగా ఉన్న సంగతి కూడా ఇదే.

ఒక చెరువులో బోటింగ్ నడిపే కాంట్రాక్టరు తన పెద్ద పడవను మా దగ్గరికి పంపాడు. పద్నాలుగు మంది కూర్చునేది. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరిస్తాడట, ఆ వేళకు తళతళలాడాలి. మేస్త్రి రుద్దడం మొదలుపెట్టిన రెండోరోజు నన్ను పిలిచాడు. పడవ వెనకవైపు, ఇంజను బిగించే పలక అడుగుతో కలిసే మూలలో వెంట్రుకంత పగుళ్లు. ఆయన ఆ చోటు పొడిగా తుడిచి బొటనవేలితో నొక్కాడు. గోధుమరంగు నీటిచుక్క ఒకటి బయటికొచ్చింది. తుడిచి మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది.

"లోపట చెక్క మురిగింది. ఇంజను గుంజితె పలకంత ఊడొస్తది. నడిమి చెరువుల" అన్నాడు.

సేటుకు చెప్పాం. ఆయన వచ్చి, వంగైనా చూడకుండా, "లప్పం పెట్టి, రంగు కొట్టి, మైనం పుయ్యి. రెండ్రోజులు మెరిస్తే చాలు. తర్వాత చూద్దాం" అన్నాడు.

"నేను పుయ్య" అన్నాడు మేస్త్రి.

మర్నాడు ఆయన్ని దమ్మాయిగూడలో పిల్లల జారుడుబల్లలు బాగుచెయ్యమని పంపేశారు. సేటు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చదువుకున్నోడివి, నీకర్థమవుతుంది" అన్నాడు. నిజమే, నాకర్థమైంది. అర్థమయ్యే చేశాను. ఇద్దరు పనివాళ్ల చేత పగుళ్లలో లప్పం కూరించాను. రంగు వేయించాను. ఆ మూలకు మైనం మాత్రం నా చేత్తో నేనే పట్టించాను. 'అంతా సరిగా ఉంది' అని కాగితం మీద సంతకం పెట్టాను. పడవ మెరిసిపోతుంటే ఫోన్లో ఫొటో తీసి ఇంటికి కూడా పంపాను. నాలాంటి చదువుకున్న పిరికివాళ్లు దేశంలో దేనికీ పనికిరారు, సంతకాలకు తప్ప.

పడవ తీసుకెళ్లే రోజు కాంట్రాక్టరు భార్యతో వచ్చాడు. ఆమె పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చింది. సేటు ఇస్త్రీ చొక్కా వేసుకుని పడవ పక్కన ఫొటోలకు నిలబడ్డాడు. మేస్త్రి అప్పుడే దమ్మాయిగూడ పని ముగించుకుని లోపలికొచ్చాడు. ఎవర్నీ పలకరించలేదు. పడవ చుట్టూ ఒక్క తిరుగు తిరిగి, వెనక మూల దగ్గర ఆగాడు. అక్కడ ట్యూబులైటు గీత వంకరగా పడింది.

నా వైపు తిరిగాడు. "ఎవడు జేసిండు ఇది?"

నా మొహం చెప్పేసింది.

"నువ్వేనా?" అన్నాడు. ఆయన నన్ను సారు అనకపోవడం అదే మొదలు.

తర్వాత ఆయన గోడకున్న సాన మిషను అందుకుని ప్లగ్గు పెట్టి, నేను మెరిపించిన మూల మీద ఆనించాడు. తన పనిని కన్నకూతురిలా చూసుకునే మనిషి, మెరుస్తున్న పడవను అందరి ముందూ చీల్చేస్తున్నాడు. రంగు, లప్పం తెల్లటి పొగలా లేచాయి. సేటు, "పిచ్చి లేసిందారా నీకు!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చి వైరు లాగేశాడు. అప్పటికే పగులు బయటపడింది. మేస్త్రి తువ్వాలుతో ఆ చోటు తుడిచి, కాంట్రాక్టరు భార్యను పిలిచాడు. "అమ్మా, జర ఇటు రా. నువ్వే సూడు." నొక్కాడు. చుక్క కారింది.

కాంట్రాక్టరు గొంతు సవరించుకుని, "ప్రారంభోత్సవం వరకైతే నడుస్తదేమో కదా?" అని సేటును అడిగాడు. మనిషి ప్రాణం కన్నా రిబ్బను విలువైన కాలంలో ఆ ప్రశ్న వింత కాదు. అయినా ఆ గొంతు తలచుకుంటే నాకిప్పటికీ నోరు చేదెక్కుతుంది.

జవాబు అతని భార్య చెప్పింది. కొబ్బరికాయ పళ్లెం నేలమీద పెట్టేసి, "నా పిల్లలు ఎక్కరు. నేను ఎక్క. నువ్వు ఒక్కనివే ఎక్కి రిబ్బన్ కత్తిరిచ్చుకో పో" అంది.

ఆ మాటతో పడవ షెడ్డులోనే ఉండిపోయింది. మేస్త్రి మాత్రం ఉండలేదు. అదే మధ్యాహ్నం పదిమందిలో ఆయన్ని పొమ్మన్నారు. ఇరవై రెండేళ్లు చేసినవాడు మూటలో చీరపీలికలు సర్దుకుని పోతుంటే ఆ పదిమందీ నేలచూపులు చూశారు. నేనూ చూశాను. ఇప్పుడు వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు పెట్టింది ఆ పదిమందే.

తర్వాత వెనక పలక కోసి తీస్తే లోపలి చెక్క తడి పిండిలా చేతికొచ్చింది. కొత్త చెక్క వేసి, ఫైబరు పరిచి, మూడువారాలు కష్టపడి కట్టాం. ఇక మెరుగు పెట్టేవాడు లేడు. మేస్త్రిని వెనక్కి తీసుకురమ్మని సేటే నన్ను పంపాడు. నాలుక మడతపెట్టడంలో ఆయనకు ఎవరూ సాటిరారు.

మేస్త్రి ఉప్పల్‌లో ఒక బైకుల దుకాణంలో పెట్రోలు ట్యాంకులు తుడుస్తున్నాడు. నన్ను చూసి, "ఏం సారూ, సముద్రం ఎండిపోయిందా, ఇటొచ్చినవ్?" అన్నాడు.

సేటు రమ్మన్నాడని చెప్పాను.

"ఆ గేట్ల కాలు వెట్ట."

"అయితే నాకు నేర్పు మేస్త్రీ. ఆ పడవకు నేనే పెడతాను."

ఆయన నా చేతులవైపు చూశాడు. "సంతకాలు వెట్టుడు అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"ముందుగాల గోర్లు తీస్కొని రా."

నాలుగు ఆదివారాలు వెళ్లాను. విరిగిన స్కూటరు మడ్‌గార్డు ఒకటి ఇచ్చి రుద్దించాడు. నాలుగు ఆదివారాలూ తిట్టాడు. 'నీ చేతులు కలం వట్టుటానికి గూడ దండగ' అన్నాడు. బాగుందని ఒక్కసారీ అనలేదు. నన్ను క్షమించానని కూడా ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. కానీ చివరి ఆదివారం వాళ్లావిడ పాతచీర ఒకటి మడిచి నా సంచిలో పెట్టాడు.

ఆ పడవకు పదకొండు రోజులు నేనొక్కణ్ణే మెరుగు పెట్టాను. లారీ మీదకెక్కించి చెరువుకు తీసుకెళ్తున్నప్పుడు డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఉప్పల్ చౌరస్తాలో, మెట్రో స్తంభాల కింద, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. పక్కన ఆటోలో కూర్చున్న ఒకావిడ పడవ పక్కభాగంలో మొహం చూసుకుని చెదిరిన జుట్టు సర్దుకుంటోంది. ఆ ఆటో వెనకనుంచి మేస్త్రి వచ్చాడు. ఈ దారినే వెళ్తుందని ఎవరు చెప్పారో తెలియదు. నావైపు చూడలేదు. హారన్లు మోగుతుంటే బండ్ల మధ్య నిలబడి, చెయ్యి పైకి చాచి, అరచేతి వెనకభాగంతో పడవను ముందునుంచి వెనకదాకా మెల్లగా తడుముతూ నడిచాడు. వెనక మూల చేరాక ఆగాడు. పచ్చదీపం పడింది. లారీ కదిలింది. లారీ పక్క అద్దంలో చూస్తుంటే ఆయన చెయ్యి అలాగే గాలిలో చాచి ఉంది.