మా వదిన లేని సినిమా

ఈ రోజు మొదటి ఆట చూసి ఇందాకే గౌలిపురలోని ఇంటికి చేరాను. కొన్నేళ్ల కిందట మన బస్తీల్లో ఆడవాళ్లను వరుసగా చంపిన హంతకుడి మీద తీసిన సినిమా అది. అతని చేతిలో పోయినవాళ్లలో పాలు పోసే మా వదిన, అంటే నా భార్య యాదమ్మ అక్క కూడా ఉంది. టాంగా మీద మైకు పెట్టి "నిజంగా జరిగిన కథ" అని గల్లీలో చాటినప్పటి నుంచి యాదమ్మకు ఒకటే దిగులు. అక్క చావు తెర మీద చూపిస్తే జనం ఈలలు వేస్తారేమోనని. అందుకే నేనొక్కడినే వెళ్లాను.

కథంతా బొంబాయి బంగళాలో జరిగింది. చచ్చినవాళ్లందరూ వజ్రాల వ్యాపారులే. హంతకుడు పియానో వాయించాడు, పోలీసు దొర దానికి డాన్సు చేశాడు. విరామానికే సగం హాలు ఖాళీ అయింది. "ఏం పిక్చర్ తీసిన్రు భాయ్, దిమాక్ ఖరాబైంది" అని పక్కనున్న పెద్దాయన లేచిపోయాడు. నేను మాత్రం వదిన చావు ఎక్కడ చూపిస్తారోనని చివరిదాకా కూర్చున్నాను.

యాదమ్మ గుమ్మంలోనే అడిగింది. "అక్కను చూపించిన్రా?"

"లేదు. పాలు పోసే మనిషే లేదు. మన ఊరే లేదు."

"నా మీద ఒట్టా?"

"నీ మీద ఒట్టు. మస్తు చెత్తగున్నది."

ఆమె గడప మీద కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని కథంతా చెప్పించుకుంది. పోలీసు దొర డాన్సు దగ్గర పకపకా నవ్వింది.

సినిమా బాగాలేదని ఇంత సంతోషపడ్డవాళ్లు నేను కాక ఇంకెవరైనా ఉన్నారా?