రష్యా పిల్లవాడి గౌను

మా చేనేత సంఘం వాళ్లు ఈమధ్య వేసిన సంచికలో నా గురించి అన్యాయంగా రాశారు. మగపిల్లవాడికీ ఆడపిల్లకీ తేడా తెలియని మనిషి చేతికి ఒకప్పుడు మైకు ఇచ్చి సంఘం నవ్వులపాలైందని అచ్చులో ఉంది. రాసింది ఎవరో కాదు, మా అక్క మొగుడు, సాక్షాత్తూ మా బావ.

ఆ రోజుల్లో ధర్మవరానికి వాన కన్నా రష్యా సినిమాలే ఎక్కువసార్లు వచ్చేవి (అతిశయోక్తి కాదు, ఆ ఏడు గట్టి వాన ఒక్కటే పడింది, సినిమాలు మూడొచ్చాయి). ఆదివారం పొద్దున సంఘం హాలు కిటికీలకు గోనెపట్టాలు కట్టి, చీకటి చేసి ఆడించేవాళ్లు. తెర మీద వాళ్లు రష్యన్‌లో మాట్లాడుతుంటే, ఫిల్ము పెట్టెతో పాటు వచ్చిన కథ కాగితం చూసుకుంటూ మైకులో తెలుగులో చెప్పడం నా పని. మూడో తరగతితో బడి మానేసి మగ్గం గుంతలోకి దిగినవాణ్ణి. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక వాచకం ముందు పెట్టుకుని రష్యన్ అక్షరాలు సొంతంగా కూడబలుక్కున్నాను. వారమంతా తలొంచుకుని నేసే నాకు, హాలెడు జనం తలెత్తి నా మాట వినే ఆ రెండు గంటలే బతుకు.

ఆ మూడు సినిమాల్లోనూ ఒకే పసిముఖం కనిపించింది. మొదటిదాంట్లో గొర్రెలు కాసే పిల్లవాడి వేషం, పేచీ లేదు. రెండోదాంట్లో గౌను, రెండు జడలు, రిబ్బన్లు. కాగితంలో ఉన్నట్టు ‘కూతురు’ అని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పోయినసారి గొర్రెలు కాసిన పిల్లోడే ఇప్పుడు ఆడవేషం కట్టినాడు చూడండి అని మైకులో చెప్పాను. ముందు వరసలోంచి బావ లేచి నిలబడ్డాడు (ఆయన ఎస్సెల్సీ పాసైనవాడు, నిలబడితే అది కూడా తెలిసేది).

“ఏమప్పా, ఆ పాపే అప్పుడు మగవేషం కట్టిండాదేమో. నీకెట్ల తెలుసు?”

ఎట్లా తెలుసంటే, మా నాయన ఇరవై ఏళ్లు నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడు. ఆడవేషంలో ఉన్న మగవాడు కూర్చునే ముందు బట్ట సర్దుకుంటాడు, కూర్చున్నాక మళ్లీ సర్దుకుంటాడు. నిత్యం కట్టుకునేవాళ్లకు అంత జాగ్రత్త ఉండదు. తెర మీద ఆ పిల్లవాడు మెట్ల మీద కూర్చుంటూ గౌనును రెండు చేతులతో అచ్చం మా నాయనలాగే సర్దుకున్నాడు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నాయన మూడో వరసలోనే ఉన్నాడు. మా నాయన చీర కట్టేవాడని మైకులో ఎట్లా చెప్పేది?

ఆ సినిమా పేర్లు మళ్లీ చూద్దామంటే పెట్టె మర్నాడే వెళ్లిపోయింది. మూడో సినిమా పోస్టరు మీద అదే ముఖం కనబడేసరికి, మొదట పడే నటుల పేర్లలో తేల్చుకుందామన్నాడు బావ. రష్యావాళ్లలో ఇంటిపేరు చివర ‘ఆ’ వస్తే సాధారణంగా ఆడమనిషని అంతకుముందు మైకులో గొప్పలు పోయింది నేనే. నా మాట తప్పితే మైకు ఆయనది. సరేనన్నాను.

మూడో సినిమా ఆదివారం హాలు కిక్కిరిసింది. బావ నా భుజం పక్కనే నిలబడ్డాడు. పేర్లు మొదలయ్యాయి. పిల్లవాడి పాత్ర పక్కన అసలు పేరుకు పొడి అక్షరం ఒక్కటే వచ్చింది, ఇంటిపేరు వచ్చింది, సరిగ్గా దాని చివరి అక్షరం మీద తెల్లటి గీత పడింది.

“ఏమొచ్చె?” అన్నాడు బావ.

“మగపిల్లోడే. చదివినా” అన్నాను. చదవలేదు.

బావ ఆపరేటరుకు చెయ్యెత్తాడు. రీలు వెనక్కు తిప్పి మళ్లీ వేశారు. ఈసారి ఆ పేరు దగ్గరే ఫిల్ము ఇరుక్కుపోయింది. దీపం వేడికి గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి, పొంగి, ఒక్కో అక్షరాన్నే తినేసింది. అందరూ ఫిల్ము కాలిందనుకున్నారు. కాలింది నా మైకు.

“ఇట్లియ్యి” అన్నాడు బావ, నెమ్మదిగానే. ఇచ్చాను. అతికించిన సినిమాకు ఆయన వార్తలు చదివినట్టు కథ చెప్పాడు.

సంచిక చూశాక, రష్యాలో పాత సినిమాలు దాచే ఒకచోటికి జాబు రాయించాను. నా కళ్లకు పొరలు కమ్మాయి కాబట్టి మనవరాలు ఫోనులో కొట్టింది (రష్యన్ మాత్రం నాదే, దిద్దనివ్వలేదు). నాలుగు నెలలకు జవాబొచ్చింది. మూడింటిలోనూ ఒకే బాలుడట. గౌను వేషానికి పెట్టుకున్న పాపకు ఆటలమ్మ పోస్తే అతనికి జడలు కట్టారట.

గెలిచాను. నాయన పేరు చెప్పడానికి సిగ్గుపడినవాడు, చదవని అక్షరాన్ని చదివానన్నవాడు, ఇన్నేళ్లు ఏ ముఖంతో కోపం పెట్టుకున్నాడో నాకే నవ్వొచ్చింది. ఆ జవాబుకు, అక్షరం నేను చదవలేదనీ నాయన సర్దుకునే తీరే నాకు గుర్తనీ రెండు ముక్కలు జతచేసి, గార్లదిన్నెలో ఉన్న బావకు పంపాను. ఆయన కార్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు:

“బామ్మర్దికి. పిల్లోడే అని ఒప్పుకుంటాండా, వచ్చే సంచికలో ఏపిస్తా. నువ్వు చదవలేదని నాకు ఆ పొద్దే తెలుసు, నీ చేతిలో మైకు వైరు అదురుతాండె. ఆ పిల్లోడు గౌను సర్దుకున్నప్పుడు మూడో వరసలో మీ నాయన నవ్వింది గూడా చూసినా, ఎందుకో ఇప్పుడు తెలిసె. నాకు చెవులు పోయినాయి, నీకు కండ్లు పోయినాయి. ఆ సినిమా యాడన్నా దొరికితే పట్టుకోని రా. నేను చూసి చెప్తా, మైకు నువ్వు పట్టుకో.”