టచింగక్క తన బొమ్మను ఎంచుకున్న రోజు

తాళాల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే ఫొటో స్టూడియో. ముందు గదిలో కెమెరా, గొడుగు దీపాలు, గోడకు దించిన బూడిదరంగు తెర. ఆ గది వెనక, కిటికీ లేని చిన్న గదిలో కంప్యూటర్ ముందు, ఫొటోలకు టచింగ్ చేస్తుంది గనక అందరూ టచింగక్క అని పిలిచే ఆమె కూర్చునేది. మొటిమ తీసేయాలన్నా, కళ్ళ కింద నలుపు చెరపాలన్నా, రెండో గడ్డాన్ని మొదటి గడ్డంలో కలిపేయాలన్నా ఆమె చెయ్యి పడాల్సిందే. స్టూడియో ఆమె బావగారిది, అంటే భర్త అన్నగారిది. ఆయన ఫొటో తీసి, "అమ్మాయ్, కాస్త చూడు" అని లోపలికి కేకేసేవాడు. కాస్త చూడడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. పోలిక చెడకూడదు, లోపం కనబడకూడదు.

ఆ చీకటి గది ఆమె కోరి తెచ్చుకున్నదే. మొదట్లో బావగారు కౌంటర్లో కూర్చోమంటే, వచ్చేపోయేవాళ్ళ ఎదురుగా తన వల్ల కాదంది. చిన్నప్పుడు మేనత్త ఆమెను "దిండూ" అని పిలిచేది. ముద్దుగానే పిలిచేది, కాని ఆ పిలుపు ఒంటికి అతుక్కుపోయింది. బడిలో ఫొటో తీస్తే వెనక వరస. చుట్టాల ఇళ్ళలో తీస్తే ఎవరి భుజం చాటునో సగం ముఖం. బట్టలు ఎప్పుడూ వదులుగా కుట్టించుకునేది. వీధిలో నడిచేటప్పుడు చేతిసంచి పొట్టకు అడ్డం పెట్టుకునేది. అదంతా ఆమెకు బాధగా కూడా తోచేది కాదు. చలికి తలుపు మూసుకున్నట్టు, అలవాటు.

కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసరమ్మ ఒకరోజు పాస్‌పోర్టు ఫొటోకి వచ్చింది. పొడగరి. జుట్టు వయసుకు ముందే నెరిసింది. ఫొటోలు చేతికి రాగానే కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది.

"నా నుదుటి మీద గీతలేవండీ?"

"మా మరదలు తీసేసిందండి" అన్నాడు బావగారు గర్వంగా.

"ఎంత బాగా తీసిందంటే, అవి ఉండేవన్న సంగతి నేనే మర్చిపోయేలా ఉన్నాను. పాస్‌పోర్టు వాళ్ళు ఒప్పుకోరనుకోండి, మళ్ళీ తియ్యండి. ఈలోగా ఆమెతో ఒక మాట మాట్లాడొచ్చా?"

తిట్లు తినడానికే అనుకుంటూ టచింగక్క బయటికొచ్చింది. ప్రొఫెసరమ్మ తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని తన పని గురించి చెప్పింది. మనుషులు తమ ఒళ్ళు ఎలా ఉందనుకుంటారు, నిజంగా ఎలా ఉంది, ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుంది అన్నది ఆమె పరిశోధన. ఒక్కొక్కరిదీ నిలువెత్తు ఫొటో తీయాలి. దాన్నే కొంచెం కొంచెంగా ఒకవైపు సన్నగా, మరోవైపు లావుగా మార్చాలి. తరవాత ఆ మనిషినే కూర్చోబెట్టి, వాటిలో తనెవరో పోల్చుకోమనాలి.

"మా దగ్గరున్న ప్రోగ్రాం మనిషిని పిండిముద్దలా సాగదీస్తోంది. మీ చేతిలో మనిషి మనిషిలాగే ఉంటున్నాడు" అంది ప్రొఫెసరమ్మ.

"సన్నగా చెయ్యడం రోజూ ఉండేదేనండి. లావుగా చెయ్యమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అంది టచింగక్క. అని నవ్వింది. ఆ నవ్వులోనే ఒప్పుకోవడమూ అయిపోయింది.

అప్పటినుంచి స్టూడియోలో రద్దీ తగ్గిన మధ్యాహ్నాలు కాలేజీకి వెళ్ళేది. అక్కడి గదిలో ఒక మూల కెమెరా, ఇంకో మూల నిలువుటద్దం, నడుమ బల్ల మీద కంప్యూటర్. దాని పక్కన పాత రేడియోకి ఉండేలాంటి గుండీ ఒకటి. కుడికి తిప్పితే తెర మీద మనిషి లావెక్కుతాడు, ఎడమకు తిప్పితే చిక్కుతాడు. వచ్చినవాళ్ళు అది తిప్పుతూ, తామనుకున్న చోట ఆపాలి. బొమ్మలు చేసిపెట్టడంతో టచింగక్క పని అయిపోయేది. అయినా ఏదో వంకతో ఆగి చూసేది.

గాలికి ఎగిరిపోయేలా ఉన్న ఒక విద్యార్థిని గుండీని కుడికి తిప్పుతూనే పోయి, తెర మీద తనలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత మనిషి కనిపించాక ఆపింది. "ఇంకా ఎక్కువేనేమో" అని గొణిగింది. కండలు తిరిగిన బస్సు డ్రైవరు తనను బక్కపలచటి మనిషిగా ఎంచుకుని, ఛాతీ కేసి చూపించి నిట్టూర్చాడు. మందుల షాపు పెద్దావిడ మాత్రం గుండీని అటూ ఇటూ రెండుసార్లు తిప్పి, సరిగ్గా అసలు బొమ్మ దగ్గర ఆపింది.

"ఎలా కనిపెట్టారండీ?" అనడిగింది ప్రొఫెసరమ్మ.

"కనిపెట్టేదేముందమ్మా, రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఎదురుగా నిలబడేది ఈవిడే కదా. టీ ఎక్కడ ఇస్తున్నారు?" అంది పెద్దావిడ.

ఒకరోజు వస్తానన్న మనిషి రాలేదు. కెమెరా, దీపాలు సిద్ధంగా ఉన్నాయి. ప్రొఫెసరమ్మ టచింగక్క వైపు తిరిగింది.

"మీరు చేస్తారా?"

"నా బొమ్మ నేనే చేసుకుంటే ఎలాగండి? ఏది అసలుదో తెలిసిపోదూ?"

"మా కాలేజీ పిల్లలు చేస్తారు. మీరు నేర్పిందేగా. ఇష్టం లేకపోతే వద్దు."

ఇష్టం లేదు. కాని ఇన్నాళ్ళుగా అంతమంది వచ్చి నిలబడి వెళ్ళారు, తను మాత్రం తప్పించుకుంటే బాగుండదనిపించింది. వాళ్ళిచ్చిన ఒంటికి పట్టే బట్టలు వేసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, పంటి బిగువున నిలబడి ఫొటో తీయించుకుంది.

వారం తరవాత ఆమె గుండీ ముందు కూర్చుంది. తిప్పింది. ఇంకా తిప్పింది. భుజాలు దిగి, నడుము తెర అంచుల్ని తాకబోతుండగా ఆపి, "ఇదండి" అంది. ఆ గొంతులో అనుమానమేమీ లేదు.

ప్రొఫెసరమ్మ తెర మీద దాని పక్కనే అసలు ఫొటో చూపించింది.

టచింగక్క దానికేసి చూసి, "ఇది మా చెల్లెలు" అంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆమె ముందుకు వంగింది. ఫొటోని పెద్దది చేసి చూసింది. నడుము అంచు దగ్గర సాగదీసిన జాడ ఉందేమో, వెనక తెర గీతలు వంగాయేమో వెతికింది. ఎక్కడా చెయ్యి పడలేదు. ఫొటోలతోనే బతికిన మనిషికి ఇక కాదనడానికి ఏం మిగల్లేదు.

"నేను మరీ అంత లేనా?" అంది మెల్లగా.

"మీరు లావు కాదని నేననను. లావే. కాని మీరు మోసుకు తిరుగుతున్నంత లావు మాత్రం కాదు."

ఆ మాట టచింగక్కకి నచ్చింది. సన్నగా ఉన్నావని ఎవరైనా అంటే ఆమె నమ్మేది కాదు.

ఆ పరిశోధనలో రెండో భాగం అద్దం ముందు. తలనుంచి పాదాల దాకా తనను తాను వర్ణించాలి. అవతల ఎవరో ఫోన్లో విని బొమ్మ గీస్తున్నారనుకోవాలి. బాగుంది, బాగాలేదు అన్న మాటలు రాకూడదు.

"నుదురు వెడల్పు. బుగ్గలు గుండ్రం. మెడ..." టచింగక్క ఆగింది. "మెడ అసహ్యంగా ఉంటుంది."

"గీసేవాడికి ఆ మాటతో పని లేదండీ. వాడు గీత ఎటు లాగాలి?"

టచింగక్క తల పక్కకు వంచి మళ్ళీ చూసుకుంది. ఈసారి పనిలో ఉన్నప్పటి చూపు వచ్చింది.

"మెడ పొట్టి. గడ్డం కింద మెత్తటి నీడ. దాని కింద ఒక గీత, కుడివైపు కాస్త లోతు. భుజాల మీద వెలుతురు ఎక్కువ నిలుస్తుంది. పొట్ట పైభాగం వెలుగు, కింద నీడ. అంచు నున్నగా తిరిగింది, ఎక్కడా విరగలేదు. గీయడానికి తేలిక."

చెబుతూ చెబుతూ పాదాల దాకా వచ్చేసింది. ఇంకా చెప్పడానికేం లేకపోయేసరికి కాస్త వెలితిగా అనిపించింది.

ఆ సాయంత్రం భర్తకు అన్నం వడ్డిస్తూ అడిగింది. ఆయన లిఫ్టుల మెకానిక్కు, మితభాషి.

"నేనెలా ఉంటానో చెప్పు. బాగుంది, బాగాలేదు అనకూడదు."

ఆయన ముద్ద ఆపి అనుమానంగా చూశాడు. "ఏం తప్పు చేశాను?"

"ఏం లేదు, చెప్పు."

"మోచెయ్యి దగ్గర సొట్ట ఉంటుంది. ఏదైనా పోస్తున్నప్పుడు కనబడుతుంది. ఇప్పుడుంది చూడు."

మోచెయ్యి తిప్పి చూసుకోబోయి చారు కంచం పక్కన పోసింది. పాతికేళ్ళుగా ఆ చేత్తోనే వడ్డిస్తోంది. అక్కడ సొట్ట ఉందని ఆమెకు తెలియదు.

ఇదంతా మంత్రం వేసినట్టు పనిచేసిందని కాదు. ప్రొఫెసరమ్మ ముందే చెప్పింది, కొందరికి తేడా నిలుస్తుంది, కొందరికి నాలుగు రోజులకే పాత చూపు వచ్చేస్తుందని. టచింగక్కకీ కొన్ని రోజులు పొద్దున్నే అద్దం దగ్గర మనసులోని గుండీ కుడికే తిరిగేది. అలాంటప్పుడు ఆమె నిలబడి వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అని లోలోపల చెప్పుకునేది. ఒక్కోసారి కుదిరేది. కుదరనినాడు బస్సుకి టైమైపోతోందని వెళ్ళిపోయేది.

స్టూడియోలో మాత్రం ఒక మార్పు తెచ్చింది. ఒకావిడ కూతురికి ఫొటో తీయించి, బుగ్గలు తగ్గించాలి, రంగు తేల్చాలి, పెదవి మీద మచ్చ తీసేయాలి అని వరసగా చెబుతుంటే, టచింగక్క లోపలి గదిలోంచి లేచి వచ్చింది. నేరుగా ఆ పిల్లనే అడిగింది.

"నీకేం కావాలమ్మా?"

పిల్ల తల్లివైపు చూసి, గబుక్కున అంది. "మచ్చ ఉంచండి ఆంటీ. నేను నవ్వితే అది కదులుతుంది."

తల్లి మూతి ముడిచింది. కాని ఆ మచ్చ ఫొటోలోనూ ఉండిపోయింది. వాళ్ళు వెళ్ళాక బావగారు, "ఇలా అందర్నీ అడుగుతూ పోతే స్టూడియోకి తాళం పెట్టుకోవాల్సిందే. తాళం కింద కొట్లోనే కొనుక్కోవచ్చులే" అన్నాడు.

"అన్నీ తీసెయ్యమన్నా తీసేస్తాను బావగారూ. ఎవరి ఫొటో అయితే వాళ్ళనే అడుగుతాను, అంతే."

ఆయన సణిగాడు కాని అడ్డు చెప్పలేదు. చాలామంది ఎప్పటిలాగే తీసెయ్యమన్నారు. ఆమె ఉపన్యాసాలివ్వకుండా తీసేసింది. కొందరు ఒక్కటేదో ఉంచమన్నారు. ఒకాయన తన వంకర పన్ను ఉంచమన్నాడు, వాళ్ళ నాన్నదీ అలాగే ఉండేదట. అడగడానికి ముందు గదిలోకి రావాలి గనక, కొన్నాళ్ళకు ఆమె కౌంటర్ దగ్గరే కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కడ కిటికీ ఉంది, వీధంతా కనబడుతుంది.

మరుసటి ఏడు ప్రొఫెసరమ్మ మళ్ళీ కబురు పెట్టింది. ఈసారి వయసుమళ్ళిన మగవాళ్ళు కావాలట. టచింగక్క బావగారిని వెంటబెట్టుకు వెళ్ళింది. ఆయన దారి పొడుగునా, మన ఒంటి సంగతి మనకు తెలియకపోవడమేంటని ఆ పరిశోధన చేసేవాళ్ళని వెక్కిరిస్తూనే ఉన్నాడు.

బొమ్మలు తయారయ్యాక ఆయన గుండీ ముందు కూర్చుని, కాలు మీద కాలేసుకుని, ఎడమకు తిప్పడం మొదలుపెట్టాడు. పొట్ట తగ్గింది. ఇంకా తిప్పాడు. పొట్ట మాయమై, నడుము కుర్రవాడిలా సన్నబడ్డాక చెయ్యి తీశాడు.

"ఇదిగో. అచ్చంగా నేనే."

ప్రొఫెసరమ్మ రాసుకుంది. అసలు ఫొటో చూపించమంటారా అని అడిగితే, ఎందుకండీ, నేనిక్కడే ఉన్నాగా అన్నాడు ఆయన.

బయటికొచ్చాక చొక్కా గుండీ ఒకటి పొట్ట దగ్గర బిగుసుకుని విడిపోతే, అది పెట్టుకుంటూ, "వాళ్ళ కెమెరా మంచిదే అమ్మాయ్. మనమూ అలాంటిది తెచ్చుకుందాం" అన్నాడు.

"అలాగే బావగారూ" అంది టచింగక్క. ఇద్దరూ ఎండలో తీరిగ్గా నడుచుకుంటూ బస్సు కోసం వెళ్ళారు.