మూడు లంకలు, ఒక గేదె

అనంతపురం నుంచి వచ్చిన మా వియ్యంకుడు గారికి కృష్ణ మధ్యలో ఉండే లంకలు చూపిస్తానని నేను గొప్పగా మాటిచ్చాను. ఈ రోజు పొద్దున్నే ఆయన ట్రాన్సిస్టరు భుజాన తగిలించుకున్నారు, ఇద్దరం రేవుకు వెళ్ళాం. మూడు లంకలూ తిప్పి తీసుకొస్తానన్నాడు పడవవాడు.

మొదటి లంకలో ఇసుక నిండా పుచ్చపాదులు, కాపలాకు ఒక మంచె, పక్కనే ఎడమ కొమ్ము విరిగిన ఒక గేదె కనిపించాయి. పడవ చాలాసేపు చుట్టూ తిరిగి రెండో లంకకు చేరింది. అక్కడా పుచ్చపాదులే, అలాంటి మంచే. అక్కడి గేదెకూ ఎడమ కొమ్మే లేదు. వియ్యంకుడు గారు ఇసుకలో అటు నడవగానే, నేను జేబురుమాలు తీసి ఆ గేదె కుడి కొమ్ముకు గట్టిగా ముడివేశాను.

మూడో లంకలో దిగేసరికి నా రుమాలు కట్టుకుని అదే గేదె నిలబడి ఉంది.

పడవవాణ్ణి పక్కకు పిలిచి, "ఏమయ్యా, ఇది ఇందాకటి గేదే కదా?" అన్నాను.

"అవునండీ. మేత కోసం లంకలన్నీ ఈదుకుంటా తిరుగుద్దండి."

"మరి రుమాలు తడవలేదేం?"

"గేదె తల ముంచి ఈదదు గదండీ," అన్నాడు, నా మీద జాలిపడుతూ.

"మూడు లంకలూ చూసేశాం బావగారూ," అని వియ్యంకుడు గారు మురిసిపోతున్నారు. తీసుకొచ్చింది నేనే కాబట్టి అవునవునంటూ తలూపాను.

మీలో ఎవరైనా ఆ మూడు లంకలూ చూసి ఉంటే, ఆ గేదె మీకెన్నిసార్లు కనిపించిందో చెప్పండి. నేను మాత్రం ఈసారి వెళ్తే రుమాలు తోకకు కడతాను.