నాన్న వచ్చింది

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా పిల్లలు నవ్వుతారు, నీకప్పుడే అంత వయసైపోయిందా అంటారు. అయిందో లేదో గానీ, ఈ ఊళ్లో నన్ను ఆంటీ అని పిలిచేవాళ్లు చాలామంది తయారయ్యారు. జుట్టుకు రంగు వేసుకోవడం కూడా మొదలైంది. అందుకని చిన్ననాటి సంగతి చెప్పుకునే హక్కు నాకు వచ్చేసిందనే అనుకుంటున్నాను. కాదనేవాళ్లు కాసేపు ఓపిక పట్టండి.

అప్పట్లో మేము అమెరికాలో నోవై అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా నాన్న కార్ల కంపెనీలో ఇంజినీరు. నేను మిషిగన్‌లోనే పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఎవరిదో పుట్టినరోజు విందులో కిటికీలోంచి మా కారు కనిపిస్తే, సంతోషం పట్టలేక "నాన్న వచ్చింది" అని అరిచాను. గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. అంతటితో ఆగితే మరిచిపోయేదాన్నేమో. ఆగలేదు. కొత్తగా ఎవరు లోపలికి వచ్చినా ఒక అంకుల్ నన్ను దగ్గరికి పిలిచి, "ఏదీ, మీ నాన్న ఏం చేసిందో అంకుల్‌కి చెప్పమ్మా" అనేవారు. నేను చెప్పేదాన్ని, వాళ్లు నవ్వేవాళ్లు. చివరికి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. ఎందులో తప్పు చేశానో కూడా నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

మర్నాటి నుంచి తెలుగులో అడిగినదానికి కూడా ఇంగ్లీషులోనే జవాబు చెప్పాను. మా అమ్మ బతిమాలింది, కోప్పడింది, ఐస్‌క్రీమ్ ఆశ చూపింది. నేను లొంగలేదు. మొండిఘటం అని పేరు వచ్చింది. నిజానికి అది మొండితనం కాదు, సిగ్గు. ఆ రెండింటికీ తేడా కనిపెట్టింది ఒక్క మా పక్కింటి అక్కే.

అక్క కూడా నాలాగే ఇక్కడ పుట్టినదే. అప్పుడు కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. నోవైకి గంటన్నర దూరంలో, ఒకే ఒక్క పెద్ద వీధి ఉన్న చిన్న ఊళ్లో, చిన్న ప్రైవేటు కాలేజీ. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటారు. ఆ మాటతో అక్క వాళ్ల అమ్మకు వచ్చిన చిక్కులు ఇన్నీ అన్నీ కావు. మనవాళ్ల లెక్కలో ఆర్ట్స్ గ్రూపు అంటే మార్కులు రానివాళ్లు చేరేది కదా! ఆదివారం తెలుగు చర్చిలో కలిసినవాళ్లు ఆంటీని పక్కకు పిలిచి, ఏదో జరగరానిది జరిగినట్టు పరామర్శించేవాళ్లు. ఒకాయన మాత్రం బొమ్మలు వేయడం నేర్పే కాలేజీ అనుకుని, క్రిస్మస్ ప్రోగ్రాంకి స్టేజీ వెనక నక్షత్రాలు గీసిపెట్టమని అక్కను అడిగారు. అక్క చదివేది భాషల గురించి, మనుషులు మాట్లాడే తీరు గురించి. ఆంటీ ఆ సంగతి ఎవరికీ వివరించలేక, అందులో కంప్యూటర్స్ కూడా ఉందని ఒక అబద్ధం కలిపి చెప్పేది.

ఆ కాలేజీలో ఏటా చలికాలంలో ఒక వేడుక ఉండేది. ఒక వారం శని, ఆదివారాల్లో విద్యార్థులు తమ తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ తీసుకొచ్చి తమ హాస్టల్ గదుల్లో ఉంచుకోవచ్చు. అక్కకు తోబుట్టువులు లేరు. నన్ను తీసుకెళ్తానని మా అమ్మను అడిగి ఒప్పించింది. కాలేజీ గేటు దగ్గర బ్యాడ్జీలు ఇచ్చే అమ్మాయి మా ఇద్దరినీ చూసి, సొంత చెల్లెలేనా అని అడిగితే, మా భాషలో పక్కింటి పిల్ల కూడా చెల్లెలే అని అక్క తల ఎత్తి చెప్పింది. ఆ అమ్మాయి ఇంకేమీ అడగకుండా నా మెడలో బ్యాడ్జీ వేసింది.

బడికి సెలవు కావడంతో మేము శుక్రవారమే వెళ్లాం. అక్క నన్ను తన క్లాసుకు కూడా తీసుకెళ్లింది. నేను ఊహించుకున్న కాలేజీకీ దానికీ పోలికే లేదు. పెద్ద బల్ల, దాని చుట్టూ పన్నెండు పదమూడు మంది, వాళ్ల మధ్యలో స్వెట్టర్ వేసుకున్న ఒక పెద్దాయన. ఆయనే ప్రొఫెసర్ అని తెలియడానికి నాకు చాలాసేపు పట్టింది. అందరూ ఆయన్ను పేరు పెట్టి పిలిచారు. ఒకమ్మాయి ఆయన చెప్పినదాన్ని నేను ఒప్పుకోను అని మొహం మీదే అనేసింది. ఇప్పుడు గెంటేస్తారు అనుకుని నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, ఎందుకు ఒప్పుకోవో చెప్పమని కుతూహలంగా అడిగారు. పెద్దవాళ్లకు ఎదురు చెబితే వాళ్లు సంతోషించే చోటు ఒకటి భూమ్మీద ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

అసలు సంగతి ఆదివారం జరిగింది. ఆ కాలేజీకి విద్యార్థులే నడుపుకునే చిన్న రేడియో ఉంది. పాత ఇటుకల భవనంలో నేలమాళిగ, గోడలకు కార్పెట్ ముక్కలు, ఒక మైకు, ఒక ఫోను. కంప్యూటర్‌లో ఎక్కడినుంచైనా వినవచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట అక్క తెలుగు ప్రోగ్రాం చేసేది. పాటలు వేసేది, మధ్యలో కబుర్లు చెప్పేది. అక్క తెలుగులో 'ళ' అన్న అక్షరం ఉండేది కాదు. నీళ్లు నీల్లు అయ్యేవి. అయినా ఆమెకు బెదురు లేదు.

కానీ ఆ రోజు ఆ గంటకు గండం వచ్చింది. స్టేషన్ చూసుకునే సీనియర్ అబ్బాయి, ఉన్ని టోపీ ఎప్పుడూ తీయనివాడు, అక్కను పిలిచి మర్యాదగానే చెప్పాడు. ఎవరూ ఫోన్ చేయరు, ఎవరైనా వింటున్నారో లేదో తెలియదు, ఆ సమయం కావాలని ఇంకో జట్టు అడుగుతోంది. ఈ వారం కూడా ఫోన్ రాకపోతే గంట వాళ్లకిచ్చేస్తాను అన్నాడు. అక్క సరేనంది గానీ, నేలమాళిగ మెట్లు ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు దిగింది. ఎప్పుడూ రెండేసి మెట్లు దూకే మనిషి అలా దిగడం చూసి నాకు భయం వేసింది.

ప్రోగ్రాం సగం అయిపోయింది. అక్క నంబరు చెప్పింది, ఫోన్ చేయమంది, మళ్లీ చెప్పింది. ఫోను అలాగే పడి ఉంది. గాజు తలుపు అవతల టోపీ అబ్బాయి గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఒక పాట నడుస్తుండగా అక్క తన హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకు తగిలించింది. నేను తల అడ్డంగా ఊపాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"పర్ఫెక్ట్‌గా వచ్చేదాకా వెయిట్ చేస్తే మనిద్దరం ముసలోల్లం అయిపోతాం," అంది అక్క. "పొద్దున ఏం తిన్నావో చెప్పు చాలు."

ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. అక్క గంట పోతోందన్న బాధే అయి ఉంటుంది. పాట ఆగింది, నేను మైకు దగ్గర నోరు తెరిచాను. కాలేజీ మెస్‌లో గళ్ల అట్లలాంటి వాఫుల్స్ చేసుకునే మెషిన్ గురించి చెప్పాను. పిండి నేనే పోశానని, అది అంటుకుపోయిందని, అప్పుడు ఒక అన్నయ్య వచ్చింది, నాకు హెల్ప్ చేసింది, సిరప్ కూడా ఇచ్చింది అని చెప్పాను.

ఫోను మీద ఎర్రదీపం వెలిగింది.

అక్క స్పీకర్ నొక్కింది. ఒక అంకుల్ గొంతు. "అమ్మా, అన్నయ్య వచ్చింది ఏంటమ్మా? వచ్చాడు అనాలి. రేడియోలో పిల్లలకి ఇదేనా నేర్పేది?"

ఆ విందు గది మొత్తం మళ్లీ నా మీద పడినట్టయింది. హెడ్‌ఫోన్స్ లాగేయబోయాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొంతు పెంచకుండా, నవ్వుతూనే అడిగింది.

"అంకుల్, అమ్మ వచ్చింది అంటాం. బస్సు వచ్చింది అంటాం. కుక్క వచ్చింది అంటాం. మా ఆడవాల్లని బస్‌తో, కుక్కతో కలిపేశారు, అప్పుడు ఎవ్వరూ కాల్ చెయ్యలేదు. ఒక్క అన్నయ్యని మాతో కలిపితే మీరు కాల్ చేశారా?"

"గౌరవంగా అమ్మగారు వచ్చారు అంటాం కదమ్మా," అన్నారాయన.

"గౌరవం ఇస్తే తప్ప మనుషుల్లో లెక్క కాదా అంకుల్?"

"ఆర్ట్స్ చదివితే ఇంతే," అని ఆయన ఠక్కున ఫోన్ పెట్టేశారు.

నేను మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది. నేను విన్నవన్నీ అవే. వాటినిబట్టే నాన్నను కూడా ఆ వరసలోకి తీసుకొచ్చాను. నా తప్పుకు ఒక న్యాయం ఉంది! తెలివితక్కువతనం వల్ల కాదు, విన్నది పట్టుకుని ఆలోచించడం వల్ల వచ్చిన తప్పు. అన్ని రోజులుగా గుండెల మీద ఉన్న బరువు ఆ ఒక్క నిమిషంలో దిగిపోయింది. దిగిన చోట కోపం వచ్చి కూర్చుంది. మంచి కోపం.

ఆ తర్వాత ఫోను ఆగలేదు. ఒక తెలంగాణ ఆంటీ చేసి, "పాప మంచిగ మాట్లాడ్తున్నది, ఆయనకేం పుట్టింది మధ్యల?" అని మాకోసం పోట్లాడింది. ఇంకొకాయన వ్యాకరణం చదువుకున్నాననీ, తప్పు తప్పేననీ చెప్పారు. చివర్లో ఒక ఫోన్ వచ్చింది. వెనకాల కుక్కర్ కూత వినబడుతోంది. ఆవిడ పేరు చెప్పలేదు. "ఇంకా టైముంది గదా, మీ వాదనలు ఆపి పిల్లని చెప్పనివ్వండి. ప్రతివారం వింటున్నా నేను," అంది. అక్క మొహం ఒక్కసారి ఎర్రబడింది. "థాంక్యూ ఆంటీ," అంది. ఫోన్‌లో వినబడ్డ ఆ గొంతు నాకూ తెలుసు. అది అక్క వాళ్ల అమ్మ.

గంట పూర్తయ్యాక టోపీ అబ్బాయి లోపలికి వచ్చి, వాళ్లంతా ఏమంటున్నారని అడిగాడు. కొందరు మమ్మల్ని తిట్టడానికి చేశారు, కొందరు వాళ్లను తిట్టడానికి చేశారు అని అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. అతను పగలబడి నవ్వాడు. ఫోన్ చేసి పోట్లాడేంత శ్రద్ధగా వినేవాళ్లు తమ స్టేషన్‌లో ఇంకే ప్రోగ్రాంకీ లేరన్నాడు. అక్క చదువు పూర్తయ్యేదాకా ఆ గంట ఆమెదే అయింది. నేను ఇంటి నుంచి ఫోన్‌లో అప్పుడప్పుడూ మాట్లాడేదాన్ని, కావలసినన్ని తప్పులతో.

వచ్చాడు అనడం తర్వాత నాకు వచ్చేసింది. రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. దిద్దేవాళ్లంటే నాకు కోపం లేదు, వాళ్ల వల్లే ఇంత రాయగలుగుతున్నాను. నాకు పడనిది ఆ నవ్వే. ఇప్పటికీ ఏ విందులోనైనా ఒక పిల్ల వచ్చీరాని తెలుగులో ఏదో అంటే, ఎవరో ఒకరు నవ్వి, మళ్లీ చెప్పించబోతారు. అప్పుడు నేను చేతిలో ప్లేటు పక్కన పెట్టి, ఎంత పెద్దవాళ్లైనా సరే, అందరికీ వినబడేలా అడుగుతాను, మీ పిల్లలు మీతో ఏ భాషలో మాట్లాడతారండీ అని. ఆ ప్రశ్న వేసినందుకు నన్ను మళ్లీ భోజనానికి పిలవని ఇళ్లు ఈ చుట్టుపక్కల కొన్ని ఉన్నాయి. ఉండనివ్వండి.