పాషా గారికి నేనిచ్చిన రిపోర్టు

నన్ను ఎవరైనా చిటిక వేసి పిలిస్తే ఒళ్ళు మండుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ ఒళ్ళుమంటతోనే 2021లో, దుబాయ్‌కి గంట దూరంలోని ఉమ్ అల్ క్వైన్‌లో సముద్రం దగ్గరున్న ఆ విల్లాలో అడుగుపెట్టాను. అప్పటికి కరోనా వార్డులో నా కాంట్రాక్టు అయిపోయింది. ఇళ్ళకు నర్సులను పంపే ఏజెన్సీలో చేరితే, మొదటి పేషెంటుగా టర్కీ సైన్యంలో జనరల్‌గా చేసి రిటైరైన ఎనభై రెండేళ్ళ పెద్దాయన దొరికారు. భార్య పోయాక, దుబాయ్‌లో వ్యాపారం చేసే కొడుకు ఆయన్ని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. వాళ్ళ దేశంలో జనరల్‌ని పాషా అంటారట. ఇంట్లో అందరూ పాషా అనే పిలిచేవారు. నేను మాత్రం సార్ అనేదాన్ని.

మొదటి రోజు పొద్దున బీపీ మిషను పట్టుకుని గదిలోకి వెళ్ళానో లేదో, మంచం మీద నుంచి "టెక్మిల్!" అని ఒక్క అరుపు అరిచారు. అది వాళ్ళ సైన్యంలో పద్ధతట. పై అధికారి ముందు సిపాయి నిటారుగా నిలబడి తన పేరు, ఊరు చెప్పి, "ఆజ్ఞాపించండి కమాండర్" అనాలి. తర్వాత జరిగిందంతా జరిగినట్టు రిపోర్టు చెయ్యాలి. ఇదంతా ఆయనే ఇంగ్లీషులో వివరించి, ఊఁ కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు.

పేరు చెప్పాను. ఊరు కాకినాడ దగ్గరని చెప్పాను. "ఆజ్ఞలు తీసుకోడానికి రాలేదు సార్, మాత్రలు మింగించడానికి వచ్చాను. నోరు తెరవండి" అన్నాను.

కళ్ళెర్రజేశారు. నేనూ తగ్గలేదు. మాత్రల కప్పు అలా పట్టుకునే నిలబడ్డాను. చెయ్యి లాగేదాకా నన్ను నిలబెట్టి, చివరికి మింగారు. ఆ రోజు నుంచి రోజూ ఇదే తంతు. ఆయన టెక్మిల్ అనడం, నేను పేరూ ఊరూ చెప్పి ఎన్ని గంటలు నిద్రపోయారో, షుగరెంతో రిపోర్టు చెయ్యడం. ఆ "ఆజ్ఞాపించండి" అన్న ముక్క దగ్గర మాత్రం నేను ససేమిరా.

గోడ నిండా ఆయన ఫొటోలే. కుర్ర లెఫ్టినెంటుగా తూర్పు సరిహద్దు కొండల్లో మొదలుపెట్టి, మేజర్, కల్నల్, బ్రిగేడియర్ అవుతూ ఒక్కో ఫొటోలో ఒక్కో నక్షత్రం ఎక్కువ. కాళ్ళకు నూనె రాస్తుంటే తన సర్వీసంతా వరసగా చెప్పుకొచ్చేవారు. నాకు సగం ఊళ్ళ పేర్లు నోరు తిరిగేవి కావు. అయినా వినేదాన్ని, ఎందుకంటే అబ్బో, చెప్పేటప్పుడు ఆ మనిషి వయసు ఇరవయ్యేళ్ళు తగ్గిపోయేది.

ఒకరోజు ఒక పతకం గురించి అడిగాను. చెప్పారు. మేజర్‌గా ఉన్నప్పుడు మంచులో ఒక కనుమ దాటమని పైనుంచి ఆర్డరొచ్చింది. "మంచు కదులుతోంది, మనుషుల్ని తీసుకెళ్ళను" అన్నాడట ఆయన కింది సార్జెంట్. ఈయనకు కోపమొచ్చి అతన్ని పక్కన పెట్టి ఇంకొకరిని పంపారు. వెళ్ళినవాళ్ళలో సగంమంది తిరిగి రాలేదు. సార్జెంట్ తనను హెచ్చరించనే లేదని, తప్పంతా అతనిదేనని ఈయన రిపోర్టు రాశారు. సార్జెంట్ జైలుకు పోయాడు, ఈయన కల్నల్ అయ్యారు. పతకం కూడా ఆ ఏడాదిదే.

నేనేదో ఓదారుస్తాననుకున్నారు కాబోలు. "చాలా తప్పు చేశారు సార్" అన్నాను. రెండు రోజులు టెక్మిల్ అడగలేదు. మందులు మాత్రం మింగారు.

ఇక ఆయన పడిపోయిన రోజు సంగతి. టీవీలో వాళ్ళ దేశం కవాతు చూస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను. హాల్లోంచి కొడుకు చిటిక వేశాడు. వంటమనిషి సెలవట, వచ్చిన అతిథులకు టీ ఇవ్వాలట. పేషెంటును వదిలి రాలేనన్నాను. "అయిదు నిమిషాలు, యల్లా, త్వరగా" అన్నాడు. నోట్సులో టైము రాసి, లేవొద్దని పెద్దాయనకు మరీ మరీ చెప్పి వెళ్ళాను. టీవీలో వాళ్ళ జాతీయగీతం మొదలైంది. కూర్చుని ఎలా వింటారా మనిషి! లేచి నిలబడబోయి పడ్డారు. తుంటి ఎముక చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదు, మంచం దిగకూడదు అన్నారు డాక్టర్లు.

మూడోరోజు కొడుకు ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. నేను డ్యూటీలో నిద్రపోయానని, అందుకే ఆయన పడ్డారని అందులో ఉంది. టర్కీలో ఉన్న అక్కలకు జవాబు చెప్పుకోవాలట. "సంతకం పెట్టు, నోట్సులో ఆ పేజీ చింపెయ్యి. ఉద్యోగం ఉంటుంది. లేదంటే వీసా క్యాన్సిల్" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. భయం కూడా వేసింది, ఎందుకు దాచాలి? ఆ సంతకం పడితే నర్సుగా నా లైసెన్సు పోయినట్టే.

బయట కారు తుడుస్తున్న డ్రైవరన్నతో చెప్పాను. ఆయనది జగిత్యాల వైపు, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది.

"గా కాయితం మీద సంతకం వెట్టకు చెల్లె. వెట్టినవంటే నీ లైసెన్స్ ఖలాస్. మల్ల ఏ దవాఖానల తీస్కోరు."

"పెట్టకపోతే వీసా ఖలాస్ కదన్నా?"

"వీసా ఇంకోటి దొరుకుతది. నిద్రపోయిన నర్సు అని పేరువడ్డంక యాడ మోస్తవ్ దాన్ని?"

ఉద్యోగం పోతే పోనీ అని అప్పటికప్పుడే బ్యాగు సర్దేశాను. సర్ది, నోట్సూ కాగితమూ పట్టుకుని పాషా గారి గదికి వెళ్ళాను. కొడుకు అక్కడే ఉన్నాడు. నన్ను చూసి పెద్దాయన నీరసంగా, "టెక్మిల్" అన్నారు.

పేరు చెప్పాను. ఊరు చెప్పాను. "పదకొండు పదికి మీ అబ్బాయి టీ ఇమ్మని పిలిచారు. పదకొండు పదహారుకి మీరు పడ్డారు. నేను నిద్రపోయానని సంతకం పెట్టమంటున్నారు. పెట్టను. చంపినా పెట్టను. ఇలాంటి రిపోర్టు మీరొకసారి రాశారు సార్. ఇది కూడా చదవండి" అని కాగితం ఆయన గుండెల మీద పెట్టాను.

కొడుకు టర్కిష్‌లో ఏదో అరిచాడు. పెద్దాయన చెయ్యెత్తగానే ఆగిపోయాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. మంచం తలవైపు ఎత్తమని నాకు సైగ చేశారు. ఎత్తాను. నొప్పికి పళ్ళు బిగబట్టి, చేతులు రెండూ ఒంటికి ఆనించి నిటారుగా అయ్యారు. నా కళ్ళలోకి చూస్తూ తన పేరు చెప్పారు. తను పుట్టిన ఊరు చెప్పారు.

"లేవొద్దని సిస్టర్ చెప్పింది. నేనే లేచాను, నేనే పడ్డాను. సిస్టర్ తప్పు లేదు" అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "ఆ సార్జెంట్ తప్పు కూడా లేదు. అతను నన్ను హెచ్చరించాడు."

కొడుక్కి ఆ సార్జెంట్ ఎవరో తెలియదు. కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. వీసా మాట ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

పెద్దాయన ఇంకా అలాగే ఉన్నారు, చేతులు ఒంటికి ఆనించి. రిపోర్టు పూర్తి కాలేదు.

"ఆజ్ఞాపించండి" అన్నారు నాతో.

మాత్రల కప్పు అందుకున్నాను.

"నోరు తెరవండి సార్."